పరద్వేషమును ఖండించు కట్టుకథలు

ఇతర కులములవారిని, ఇతర జాతులవారిని ద్వేషింపరాదని బోధించుటకై కల్పింపబడిన కథలు మన యిండ్లలో తరచుగ చెప్పుకొనబడుచున్నవి. అవి సదుద్దేశముతో పుట్టినవే యని మే మొప్పుకొందుము. అయినను వానిలో పెక్కు కథలు తాము మాన్పనెంచిన రోగమునే వినువారికి అంటించుచున్నవని మా యభిప్రాయము. ఈ మాట విపరీతముగ తోచవచ్చును గాన ఒక కథను తీసికొని విచారింతము.

ఇరువదవ శతాబ్ది చివరి సంవత్సరముల నుండి దేశదేశముల వ్యాపించిన కథ యొకటి కలదు. జొహానెస్‌బర్గు నుండి లండనుకు పోవు విమానములో నడివయసు తెల్లదొరసాని యొకతె తన ప్రక్కన నల్లజాతివాడు కూర్చుండుటను సహింపక, వేరు చోటు చూపుమని పరిచారికతో పోరును. పరిచారిక లోనికి పోయి వచ్చి, మొదటి తరగతిలో ఒక్క చోటు ఖాళీ యున్నదనియు, ఇంత యసహ్యమైన మనిషి ప్రక్కన ఎవరిని కూర్చుండబెట్టుటయు న్యాయము కాదని విమాననాయకుడు సెలవిచ్చెననియు చెప్పి, నల్లజాతివాని వైపు తిరిగి 'అయ్యా, దయచేయుడు' అనును. ప్రయాణికులందరు చప్పట్లు చరతురు. ఈ సంఘటన నిజముగ జరిగినదనుటకు నమ్మదగిన సాక్ష్యమేదియు కనబడదు.

దీనిని విన్నవారికి కలుగునది నల్లజాతివానియెడ గౌరవమా? అతడు కథలో ఏమి మాటాడెనో, ఏమి తలచెనో చెప్పువారికి పట్టదు. అతని పేరు, ఊరు, వృత్తి మనకు తెలియవు. అతనికి కోపము వచ్చెనో లేదో తెలియదు. స్పష్టముగ కనబడునది ఆ దొరసాని యొక్కతెయే. ఆమె వయసు, ఆమె సొమ్ములు, ఆమె ముఖము చిట్లించుట, ఇవన్నియు చెప్పువాడు రుచి పుట్టునట్లు వర్ణించును. మన చప్పట్లు ఆమెకు జరిగిన పరాభవమునకే.

నిజముగ అపరాధము చేసినవానికి పేరుండును. ఆ పేరు చెప్పి వానిని నిందింపవచ్చును. వాడును బదులు చెప్పుకొనవచ్చును. వినువారు విచారించి నిజము తేల్చుకొనవచ్చును. కల్పిత దుష్టునకు పేరు లేదు. ఉన్నది కులమో, మతమో, దేశమో మాత్రమే. కావున వానిపై పడవలసిన నింద యంతయు వానివారిపై పడును. ఇదే కథ విమానము దిగి మన రైలుపెట్టె నెక్కినప్పుడు గమనింపుడు. చెప్పువానికి ఏ కులము గిట్టదో గర్విష్ఠి ఆ కులమువాడగును. ముసల్మానులు గిట్టనివాని నోట దురహంకారి ముసల్మాను. హిందువులు గిట్టనివాని నోట హిందువు. నీతి మాత్రము అక్షరము మారదు. ఎవరిని ద్వేషింపరాదనుచునే, ద్వేషించువారు వారే సుమా యని కథ వ్రేలు చూపును. బాహాటముగ ఒక కులమును దూషించువానిని మనము ఆపుదుము. నీతికథ చెప్పువానిని ఆపుటకు ఎవరికి నోరు వచ్చును?

కథ కల్పితమైననేమి, నీతి మంచిది గదా యని కొందరందురు. ఆ నీతియైనను మంచిదేనా? అన్యాయమునకు మూలము ఒక స్త్రీ దుర్గుణమట. దానికి మందు ఒక పరిచారిక చాతుర్యము, మొదటి తరగతిలోని మెత్తని యాసనమునట. అమెరికాలోని మాంట్‌గొమరీ నగరమున 1955వ సంవత్సరము డిసెంబరు 1వ తేదిన రోజా పార్క్స్ అను నల్లజాతి వనిత బస్సులో తెల్లవానికై తన చోటు విడువ నిరాకరించి నిర్బంధింపబడెను. ఆమెను లెమ్మన్న బస్సు డ్రైవరు దుర్మార్గుడా కాడా యనునది చిన్న ప్రశ్న. అతని వెనుక చట్టము నిలిచియుండెను. ఆ చట్టము కూలుటకు నల్లజాతివారు 381 దినములు బస్సులు మానివేయవలసివచ్చెను, అనేకులు కాలినడకనే పనులకు పోయిరి, 1956లో అత్యున్నత న్యాయస్థానము తీర్పు చెప్పవలసివచ్చెను. విమానకథకు అలవడిన చెవికి ఈ వృత్తాంతము చప్పగ నుండును.

గొప్ప రచయితలకును ఈ చిక్కు తప్పలేదు. 1852లో గ్రంథరూపమున వెలువడిన 'అంకుల్ టామ్స్ కేబిన్' బానిసత్వమును ఖండించిన నవల. దుష్టుని కల్పించుటలో గ్రంథకర్త్రి హేరియట్ బీచర్ స్టో మిక్కిలి జాగరూకత చూపెను. క్రూరత్వము దక్షిణరాష్ట్రములవారి సొత్తని చదువరులు తలపకుండునట్లు, క్రూరుడైన లెగ్రీని ఉత్తరాదివానిగ చేసి, దక్షిణాదివారిలో దయాళువులను చూపెను. ఈపాటి వివేకము విమానకథ చెప్పువారికి లేదు. కాని ఆమె వేరొక గోతిలో పడెను. ఓర్పు, విధేయత టాము అను ఒక మనుష్యుని గుణములుగ విడువక, నల్లజాతి కంతకును పుట్టుకతో వచ్చిన స్వభావమని తానే పలుమారు వ్యాఖ్యానించెను. స్వాతంత్ర్యము కోరి పారిపోయిన జార్జి హారిసు కుటుంబమును తుదకు ఆఫ్రికాలోని లైబీరియాకు పంపెను. పుట్టిన దేశమున వారికి చోటు చూపలేదు. నిజమునకు టాము పిరికివాడు కాడు. పారిపోయిన స్త్రీల జాడ చెప్పనొల్లకయే ప్రాణము విడిచెను. పిమ్మట తెల్ల నటులు ముఖములకు మసి పూసికొని ఆడిన పెక్కు నాటకములలో ఆ ధైర్యము పోయి, అణకువ మిగిలెను. టాము పేరు నల్లజాతివారిలోనే తిట్టుగ మారెను. ఆ గ్రంథము చేసిన యుపకారమును మేము తక్కువ చేయము. దానితోపాటు మొలచిన కలుపును గూడ చూడుమనుచున్నాము.

ఇది పరదేశపు మాట యని త్రోసివేయ వలనుపడదు. అస్పృశ్యతను ఖండించు మన కథలలో మాంసము మాని, కల్లు మాని, త్రికాలస్నానము చేయు దళితుడే నాయకుడగుట మేము పలుమారు చదివితిమి. అట్లయిన కల్లు త్రాగువానిని, ఎదురు చెప్పువానిని అంటరానివాడనుట తప్పు కాదా? కథ ఆ సంగతి యెత్తదు. పెరియపురాణములోని నందనారు కథను భక్తికి కులము అడ్డు రాదని చాటుటకై పిల్లలకు చెప్పుదురు. చిదంబరేశ్వరుని చూడగోరియు, అంటరానివాడగుటచే ఊరి వెలుపలనే తిరుగాడిన యా భక్తుడు అగ్నిగుండము చొచ్చి, జందెము ధరించిన మునిరూపమున వెలువడి, పిమ్మట ఆలయము ప్రవేశించును. గుండము పేర్చిన విప్రులు ఒడ్డుననే నిలుతురు. వారికి శుద్ధి అక్కరలేదు. ఇది విన్న పిల్లవాడు 'నిప్పులో అతడే ఎందుకు దిగవలెను?' అని అడిగినచో, చెప్పువారు సాధారణముగ వినిపించుకొనక తరువాతి ఘట్టమునకు పోవుదురు.