గొట్టం మారిన తుపాకి

రెండేళ్ళ కిందట కొలరాడో కొండల్లో ఒక జింకని గాయపరిచి పోగొట్టుకున్నాం. బహువచనం వాడుతున్నాను కానీ ట్రిగ్గర్ నొక్కింది నేను కాదు, అరవైకి దగ్గరపడ్డ మా సహోద్యోగి. నేను బైనాక్యులర్స్ పట్టుకుని పక్కన పడుకున్నవాణ్ణి. దూరం 180 గజాలు. గాలి లేదు. జంతువు పక్కకి తిరిగి కదలకుండా నిలబడి ఉంది. అయినా దెబ్బ ఊపిరితిత్తుల్లో కాకుండా బాగా వెనక, పొట్టలో తగిలింది. చీకటి పడేదాకా నెత్తుటి చుక్కల వెంట నడిచాం. రాత్రి మంచు కురిసింది. తెల్లారేసరికి వెతకడానికి జాడే మిగల్లేదు.

నేను కోడికూర తింటూ పెరిగినవాణ్ణి, కోయడం మాత్రం ఎప్పుడూ చూడనివాణ్ణి. తినే మాంసం ఎలా వస్తుందో ఒక్కసారైనా చూడాలని ఆయన వెంట వెళ్ళాను. చూడాల్సిందానికంటే ఎక్కువే చూశాను.

ఆ తుపాకి ఆయన తండ్రిది. స్కోపుతో కలిపి ఆరు పౌన్లకి కాస్త పైన తూగే బోల్ట్ యాక్షన్ రైఫిల్, .308 వించెస్టర్ తూటాది. కొండలెక్కేటప్పుడు అంత తేలిక తుపాకి వరం, పేల్చేటప్పుడు శిక్ష. ముందుకి పోయే గుండుకీ, వాయువుకీ ఎంత ద్రవ్యవేగం ఉంటుందో తుపాకి అంతే ద్రవ్యవేగంతో వెనక్కి తన్నుతుంది. ద్రవ్యవేగం మారకుండా తుపాకి బరువు తగ్గితే, భుజానికి తగిలే శక్తి పెరుగుతుంది. ఒకే తూటాని 8 పౌన్ల తుపాకిలో కాకుండా 6 పౌన్లదాంట్లో పేలిస్తే ఆ శక్తి మూడో వంతు ఎక్కువ. ఎంసెట్ కోసం ఇలాంటి లెక్కలు ఎన్ని చేశానో! లెక్కకి అవతలి వైపు ఒక జింక నిలబడి ఉంటుందని ఒక్కసారీ తోచలేదు.

చలికాలంలో షూటింగ్ రేంజికి వెళ్ళాం. అసలు తూటాల మధ్య డమ్మీ తూటా ఒకటి కలిపి, అది ఎప్పుడొస్తుందో ఆయనకి తెలియకుండా నేనే నింపాను. మూడోసారి క్లిక్‌మంది, పేలలేదు. కానీ తుపాకి మూతి నాలుగు వేళ్ళ మేర కిందికి దిగింది. ఇద్దరం చూశాం. భుజానికి ఆపరేషన్ అయిన దగ్గర్నుంచీ ఆయన ఒళ్ళు దెబ్బ తగలకముందే ఉలిక్కిపడుతోంది.

"తక్కువ తన్నే తూటాకి గొట్టం మార్పిద్దాం" అన్నాను.

"అప్పుడది మా నాన్న తుపాకి ఎలా అవుతుంది?" అన్నాడు.

ఇలాంటి ప్రశ్న దొరికితే నాలాంటివాళ్ళకి పండగే. ప్లుటార్క్ చెప్పిన థీసియస్ ఓడ ఉండనే ఉంది: పలకలన్నీ ఒక్కొక్కటిగా మార్చేశాక అది పాత ఓడేనా? మిళిందుడికి నాగసేనుడు వేసిన రథం ప్రశ్న ఉంది: ఇరుసు రథమా, చక్రం రథమా? తీసేసిన పలకలతో ఇంకో ఓడ కడితే ఏది అసలుది అని హాబ్స్ వేసిన మెలిక కూడా ఉంది. గన్‌స్మిత్ పాత గొట్టాన్ని ఎలాగూ తిరిగి ఇచ్చేస్తాడు కాబట్టి ఆ మెలిక మాకూ తగిలేదే.

అమెరికా చట్టానికి ఇందులో సందేహమేమీ లేదు. 1968 నాటి గన్ కంట్రోల్ యాక్ట్ ప్రకారం తుపాకి అంటే ఫ్రేమ్ లేదా రిసీవర్, అంటే సీరియల్ నంబరు ఉండే ముక్క. ఫెడరల్ చట్టం దృష్టిలో గొట్టం ఒక విడిభాగం. బ్రిటన్‌లో అలా కాదు, రైఫిల్ గొట్టం ఒక్కటే ఉన్నా దానికి సర్టిఫికెట్ కావాలి. ఫోరెన్సిక్ నిపుణుల దారి వేరు. దొరికిన గుండు మీద గొట్టం లోపలి గాళ్ళు పెట్టిన గీతల్ని బట్టి వాళ్ళు తుపాకిని గుర్తుపడతారు. ఈ కొడుక్కేమో తుపాకి అంటే తండ్రి చేతి చెమటకి నల్లబడ్డ కర్ర. తుపాకి ఎక్కడుంది అన్న ప్రశ్నకి జవాబు అడిగేవాడి అవసరాన్ని బట్టి మారుతోంది. అడగలేని జింక ఒక్కటే మిగిలింది. దానికి తుపాకి అంటే ఒక గుండు, అది తగిలిన చోటు.

ఇక్కడ నా అనుమానం ఒకటి చెప్పాలి. బగ్ తన కోడ్‌లో ఉందని ఒప్పుకోలేక లైబ్రరీ మార్చేద్దాం అనే అలవాటు మా వృత్తిలో బాగా ఉంది. లోపం భుజంలో ఉంటే గొట్టం మార్చడం కూడా అలాంటిదేనా? మరింత బలమైన మ్యాగ్నం తూటాకి మార్చుంటే ఔననేవాణ్ణి. గురి తప్పినా బలం కాపాడుతుందన్న ఆశని కొనుక్కోవడం అది. పొట్టలో తగిలిన పెద్ద గుండు కూడా పొట్టలో తగిలినట్టే. తక్కువ తూటాకి దిగడం అలాంటిది కాదు. నా చెయ్యి ఇంతే అని నలుగురి ముందూ ఒప్పుకోవడం. ఆయనకి కష్టమైందీ అదే. "చిన్నపిల్లలకి మొదటి తుపాకిగా కొనిచ్చే తూటా" అని సణిగాడు.

ఆ తూటా .243 వించెస్టర్. 1952లో వచ్చిన .308 కేసు మెడని సన్నం చేసి 1955లో తెచ్చింది. రెండిటికీ కేసు అడుగు ఒకటే కనక బోల్టు మార్చక్కర్లేదు, మ్యాగజైన్ మార్చక్కర్లేదు. గొట్టం మారిస్తే చాలు. గుండు చిన్నది కాబట్టి తన్ను సుమారుగా సగానికి దిగుతుంది. కొలరాడోలో పెద్ద జంతువుల వేటకి రైఫిల్ కనీసం .24 కాలిబర్ ఉండాలి, కాబట్టి ఇది సరిగ్గా ఆ గీత మీద నిలబడుతుంది. గుండు 85 గ్రెయిన్లు ఉండి, వంద గజాల దగ్గర చాలినంత శక్తి ఉంటే ఎల్క్‌ని కొట్టడానికీ చట్టం ఒప్పుకుంటుంది. "నేను ఒప్పుకోను. ఇకమీదట జింకలే, అవీ 150 గజాల లోపే" అన్నాడాయన. చట్టం గుండు బరువు అడుగుతుంది కానీ భుజం సంగతి అడగదు. అది ఆయనే అడుక్కోవాలి.

ఆయన మనసు మార్చింది మాత్రం నా తర్కం కాదు. ఒక సాయంత్రం మాటల్లో, మోకాళ్ళు అరిగిపోయాక తండ్రి తన బరువైన .30-06 అమ్మేసి ఈ తేలిక తుపాకి కొన్నాడని చెబుతూ మధ్యలో ఆగిపోయాడు. ఆ .30-06 కూడా వాళ్ళ నాన్నదేనట. తండ్రి తన మోకాళ్ళకి తగ్గట్టు తుపాకి మార్చుకున్నాడు. కొడుకు భుజానికి తగ్గట్టు మార్చుకుంటే తప్పేముంది? ఈ ముక్క నేను పైకి అనలేదు.

గన్‌స్మిత్ దగ్గర పని చూశాను. పాత గొట్టాన్ని వైస్‌లో బిగించి రిసీవర్‌ని విప్పాడు. కొత్త గొట్టానికి లేత్ మీద మరలు కోసి, రీమర్‌తో ఛాంబర్ తొలిచాడు. తర్వాత రెండు గేజిలు. గో గేజి పెడితే బోల్టు మూసుకోవాలి, నో-గో పెడితే మూసుకోకూడదు. రెండిటి మధ్య తేడా అంగుళంలో వెయ్యో వంతుల లెక్క. చివర్న గొట్టం మీద కొత్త తూటా పేరు చెక్కాడు. నంబరు పాతదే కానీ తుపాకిలో ఏ తూటా పెట్టాలో చెప్పేది ఆ పేరే, అది తప్పయితే ప్రాణాలకే ముప్పు. మిగిలిపోయిన .308 పెట్టెలన్నీ ఆయన ఆ వారమే ఇంట్లోంచి పంపించేశాడు.

కొత్త గొట్టం ఉలికిపాటుని మాన్పలేదు. వేసవంతా ఖాళీ తుపాకితో, డమ్మీలతో సాధన చేశాక గానీ మూతి నిలకడగా నిలవలేదు. అక్టోబరులో మళ్ళీ వెళ్ళాం. మొదటి రోజు 200 గజాల దూరంలో ఒక జింక కనబడింది. ఆయన తుపాకి ఎత్తలేదు. రెండో రోజు 120 గజాల దగ్గర ఎత్తాడు. ఆ జింక నలభై అడుగులు నడిచి పడిపోయింది. కోసేటప్పుడు కాళ్ళు పట్టుకున్నది నేనే. చేతులు చాలాసేపు వెచ్చగానే ఉన్నాయి.

తిరిగొస్తూ, అది ఇప్పటికీ మీ నాన్న తుపాకేనా అని అడిగాను. ఆయన జవాబు చెప్పలేదు. నిరుడు పోగొట్టుకున్నదాని గురించి మాట్లాడాడు. ఈ గొట్టం ఆ లెక్క తీర్చదు అన్నాడు. పాతది ఇంకా ఆయన గరాజ్‌లో గోడకి ఆనించి ఉంది.