జేబులోని కాగితం



ఎవరికి కీడు చేయడానికి బయలుదేరామో వారి చేతుల్లోనే మన ప్రాణం పడితే, వారిని దయ అడిగే అర్హత మనకు ఉంటుందా? ఇది ఊహకు అందని ప్రశ్నేమీ కాదు. 1920, 30 దశకాల్లో అవిభక్త భారతదేశపు వాయవ్య సరిహద్దున, వజీరిస్తాన్ కొండల మీద తిరిగిన సైనిక పైలట్లకు ఇది నిత్యం ఎదురయ్యే ప్రశ్న.

ఆనాటి విమానాలకు రెక్కలు రెండు వరుసలు, ఒకదానిపై ఒకటి. 'వాపిటి' అనే రకంలో ఇద్దరు కూర్చునేవారు. ఇంజను మాత్రం ఒక్కటే. 1933 ఏప్రిల్ 1న కరాచీలో భారత వాయుసేన తొలి దళం ఏర్పడినప్పుడు మనవారి చేతికి వచ్చినవి నాలుగు వాపిటిలే. తరువాత ఆ దళమూ ఆ సరిహద్దుకే వెళ్ళింది.

ఇంజను ఆగిపోతే ఎండిన ఏటి ఇసుకలోనో, చదునైన చేనులోనో దిగాలి. వేగం తక్కువ కనుక చాలాసార్లు చక్రమో ప్రొపెల్లరో విరిగేది. మనుషులు దుమ్ము దులుపుకొని లేచేవారు. నివేదికలో అది స్వల్ప ప్రమాదమే. కాని కొండ దిగి తమవైపు వస్తున్న తుపాకుల మనుషులను చూస్తూ నిలబడిన ఆ ఇద్దరికి అది స్వల్పమా?

ఆ విమానాలతో రెండు కాగితాలకు సంబంధం ఉంది. ఒకటి పైనుండి విసిరేది: ఫలానా రోజులోగా ఊరు ఖాళీ చేయండి, లేకుంటే బాంబులు పడతాయని హెచ్చరిక. రెండవది పైలట్ జేబులోది: ఇతనికి హాని చేయక క్షేమంగా అప్పగిస్తే ప్రభుత్వం బహుమానం ఇస్తుందని స్థానిక భాషల్లో రాసిన హామీ. పైనున్నప్పుడు ఒక కాగితం, కింద పడ్డాక మరొకటి. చదివేవారు మాత్రం వారే.

శరణన్నవానికి ఆశ్రయమివ్వడం పఠాన్ల కట్టుబాటు. ఆ కట్టుబాటుకు ప్రభుత్వం వెల కట్టింది. తప్పని అనలేం, ప్రాణం కాపాడుకోవాలని ఎవరికుండదు? దయ అడగడానికి అర్హత అక్కరలేదు, అవసరం చాలు. అయితే అడిగినవాడు ఒక బాకీ పడతాడు. బహుమానంతో ప్రభుత్వం బాకీ తీరింది. పైలట్ బాకీ తీరిందా? తనకు నీళ్ళిచ్చిన ఇంటిని మళ్ళీ పైనుండి చూసినప్పుడు, అది అతనికి వట్టి గురి మాత్రమేనా?

మన సంగతి చూడండి. కారు బురదలో దిగబడితే తోయడానికి వచ్చేది, నిన్న మనం హారన్ మోగించి పక్కకు తప్పించిన కూలీలే. ఆసుపత్రిలో మనకు ఎక్కించే నెత్తురు ఎవరిదో, ఏ కులందో మనం అడగం. ఆ పూట వాళ్ళు మనకు మనుషులుగా కనిపిస్తారు. చేతిలో పదో పరకో పెట్టి లెక్క సరిపోయిందనుకుంటాం. బండి బాగయ్యాక, ఒళ్ళు కుదుటపడ్డాక, వాళ్ళు అప్పటిలాగే కనిపిస్తున్నారా? ఈ వారం ఆ ఒక్క ప్రశ్న వేసుకుందాం.