గల్లీ మొగదల

చదువుకునే రోజుల్లో హైదరాబాద్ పాతబస్తీలోని హరిబౌలిలో నేను అద్దెకున్న గది గల్లీ లోపల రెండో ఇంట్లో. మొగదల ఇంటికి రాతి చబుత్రా ఉండేది. పొద్దున దాని మీద పాల డబ్బాలు దిగేవి. మధ్యాహ్నం ఎండకు ఆగిన బండివాళ్ళు నడుం వాల్చేవారు. రాత్రి తొమ్మిది దాటాక అది మా చదువుకునే కుర్రాళ్ళది. రోడ్డుకు అవతల కిరాణా దుకాణం పెద్దాయన గల్లా ముందు నుంచి లేవకుండానే కేకేసేవాడు: "ఏం బిడ్డా, ఊరికెళ్లి ఉత్తరం వచ్చిందా?" ఇవతల నుంచే జవాబు చెప్పేవాణ్ణి. మధ్యలో రిక్షాలు పోతూనే ఉండేవి, మాట మాత్రం తెగేది కాదు.

మొన్న వెళ్ళాను. మొగదల ఇల్లు లేదు, మెట్రో కోసం కూల్చేశారు. సగం కోసిన గోడలో దీపం పెట్టుకునే గూడు మసితో సహా వీధిలోకి కనిపిస్తోంది. దాని వెనక దాగి ఉన్న ఇల్లు ఇప్పుడు నేరుగా రోడ్డు మీదికి వచ్చి నిలబడింది. ఎవరి కంటా పడదనుకుని సున్నం కూడా వేయని వంటింటి గోడ అది. నా గది ఆ గోడకు ఆనుకునే ఉండేది. చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

మెట్రో వద్దని అనలేను. మొదటి పథకంలోనే ఈ దారి లైను ఫలక్‌నుమా దాకా ఉంది. 2020 ఫిబ్రవరిలో జూబ్లీ బస్‌స్టేషన్ నుంచి వచ్చిన రైలు మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ దగ్గర, మూసీ దాటకుండా ఆగిపోయింది. మేమీ ఊరివాళ్ళం కామా అని పాతబస్తీ అడిగింది, న్యాయంగానే అడిగింది. 2024 మార్చిలో చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్ల పనికి పునాది రాయి పడింది. బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ పనికి పోయే మనిషికి నా జ్ఞాపకం కోసం ఇంకొన్నాళ్ళు వేలాడమని చెప్పే హక్కు నాకు లేదు.

అయినా నా దుఃఖం అబద్ధం కాదు. దారుల్‌షిఫా నుంచి శాలిబండ దాకా రోడ్డును 100 అడుగులు చేయాలన్నారు, స్టేషన్ల దగ్గర 120. పోయే స్థలానికి గజానికి 81,000 రూపాయలు కట్టారు. ఇంటికి యజమాని ఉంటాడు, చెక్కు అందుకుంటాడు. చబుత్రా మీద కూర్చున్నవాళ్ళం ఏ కాగితంలోనూ లేం. రోడ్డు అవతలి నుంచి వినిపించే పిలుపును ఏ గజాల్లో కొలుస్తారు? 100 అడుగుల అవతల, స్తంభాల వెనక, ఆ పెద్దాయన గొంతు నాకు చేరదు. వీధి అంటే నాకు అంతే. ఎదుటివాడి ముఖం గుర్తుపట్టగలిగినంత వెడల్పు.

ఈ దారిలో గుళ్ళు, మసీదులు, దర్గాలు, అషుర్‌ఖానాల వంటివి వందకు పైగా ఉన్నాయి. వాటిని కాపాడటానికి లైను వంపులు, స్తంభాల చోట్లు సర్దుతున్నారు. మంచి పని. బోనాలకు అక్కన్న మాదన్న గుడి ఘటం ఏనుగెక్కి హరిబౌలి నుంచి నయాపుల్ దాకా వెళ్తుంది. మొహర్రంలో బీబీకా ఆలం కూడా ఏనుగు మీదే ఎతెబార్‌చౌక్ మీదుగా సాగుతుంది. ఆ రెండు ఊరేగింపులకూ జనం నిలబడి చూసేది గుళ్ళో, అషుర్‌ఖానాలో కాదు. గల్లీ మొగదల్లో, చబుత్రాల మీద, మేడల మీద. ఏనుగుకు దారి మిగులుతుంది. చూసేవాళ్ళ చోటు పోతోంది.

ఆ దారి పక్కనే మీర్ మోమిన్ దాయిరా ఉంది. 1591లో కులీ కుతుబ్‌షా కోసం ఈ నగరానికి రూపు గీసిన పేష్వా మీర్ మోమిన్ పడుకున్న చోటు. నాలుగు దిక్కులకూ నాలుగు బాటలు వేసి నడుమ చార్మినార్‌ను నిలిపిన నగరం అది. ఊరు కట్టడమంటే ముందు వీధి గీయడమని ఆయనకు తెలుసు.

కూల్చివేత ఈ ఊరికి కొత్త కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని మింగింది. 1912లో నగరాభివృద్ధి బోర్డు ఏర్పడింది. ఇరుకు బస్తీలు పడగొట్టింది, రోడ్లు వెడల్పు చేసింది. అప్పుడూ ఎవరి చబుత్రాలో పోయే ఉంటాయి. కానీ ఆ బోర్డు పత్తర్‌గట్టి కట్టింది. రోడ్డుకు రెండువైపులా రాతి దుకాణాలు, వాటి ముందు కమాన్ల వరుస, కమాన్ల కింద నడిచే దారి. తీసుకున్న వీధికి బదులు ఇంకో వీధి ఇచ్చింది.

హరిబౌలి నుంచి పత్తర్‌గట్టికి నడిచే వెళ్ళొచ్చు. 100 అడుగుల కొలత పట్టేవాళ్ళు ఒక మధ్యాహ్నం అక్కడికి రండి. మే నెల ఎండలోనూ ఆ కమాన్ల కింద తలకు గుడ్డ చుట్టుకోకుండా నడవొచ్చు. మా దారిలోనూ అంత నీడ వేయండి. ప్రతి గల్లీ మొగదల, నలుగురు కూర్చునేంత రాతి అరుగు ఒకటి కట్టించండి.