కావలా, చెరా?

‘ఫ్రూరెయో’ అనే గ్రీకు క్రియ కొత్త నిబంధనలో నాలుగే నాలుగు చోట్ల కనిపిస్తుంది. అది సైన్యంలో పుట్టిన మాట. కావలి దండు ‘ఫ్రూరా’, ఆ దండు ఉండే కోట ‘ఫ్రూరియన్’. అందుకే ఉత్త ‘కాపాడు’ అంటే దీని అర్థం పూర్తిగా రాదు. ఊళ్లో దండు దించి, ద్వారాల దగ్గర పహరా పెట్టడం దీని భావం.

ఆ పహరా ఎటు చూస్తోందన్నదే చిక్కు. శత్రువును లోపలికి రానివ్వని దండే లోపలివాణ్ణి బయటికీ పోనివ్వదు. మాసిడోనియా రాజులు కొరింథు కొండకోటలో, ఖాల్కిస్‌లో, దెమెత్రియాస్‌లో దండులు దింపారు. ఆ మూడింటినీ ఐదో ఫిలిప్ గ్రీసు సంకెళ్లనేవాడని పొలిబియస్ రాశాడు. తెలుగు ‘కాయు’కూ ఈ రెండు ముఖాలూ ఉన్నాయి: చేను కాచేది రైతు, దారి కాచేది దొంగ.

క్రీస్తు పూర్వం 399లో, విషం తాగే రోజున సోక్రటీస్ ఈ మాట దగ్గరే ఆగాడు. మనుషులంతా ఒక ‘ఫ్రూరా’లో ఉన్నారనీ, అందులోంచి తమంతట తాము తప్పుకోకూడదనీ ఒక రహస్య బోధ ఉందని ప్లేటో ‘ఫీడో’లో అతని చేత చెప్పించాడు. అది చెరా, కాపలా చోటా? పండితులు ఇప్పటికీ తేల్చలేదు. చెర అయితే ఆత్మహత్య పారిపోవడం, కాపలా అయితే విధి వదిలేయడం. సిసిరో రెండోదాన్నే ఎంచుకున్నాడు: సేనాపతి అయిన దేవుడు ఆజ్ఞ ఇవ్వనిదే బతుకు అనే కాపలాను విడవకూడదని పైథాగరస్ చెప్పినట్టు రాశాడు.

కొత్త నిబంధన ఈ క్రియను రెండు వైపులా వాడింది. దమస్కులో అరెత రాజు అధికారి ఊరికి కావలి పెట్టింది పౌలు తప్పించుకోకుండా ఉండాలనే. ఆయన గోడమీంచి గంపలో దిగి బయటపడ్డాడు. గలతీయులకు రాసిన పత్రికలో ధర్మశాస్త్రం మనిషిని ఇలాగే బంధించి ఉంచింది. తెలుగు బైబిల్ అక్కడ ‘చెర’ అంది. పేతురు పత్రికలో మాత్రం దేవుని శక్తి విశ్వాసులను కాపాడుతుంది.

ఫిలిప్పీయులకు రాసిన పత్రికలో దేవుని సమాధానం హృదయాలకూ తలంపులకూ కావలి ఉంటుంది. సమాధానమంటే ఇక్కడ జవాబు కాదు, శాంతి. శాంతి చేత సిపాయి పని చేయించడంలోనే వింత ఉంది. క్రీస్తు పూర్వం 42 నాటి యుద్ధం తర్వాత రోమన్ సిపాయిలు స్థిరపడిన ఊరు ఫిలిప్పీ. రాస్తున్న పౌలు సంకెళ్లలో ఉన్నాడు. ఇక్కడ కావలి శత్రువును అడ్డుకోవడానికేనని చాలామంది వ్యాఖ్యాతలు అంటారు. కానీ ఆ ముందు వాక్యం వద్దంటున్నది చింతను. చింత కోట బయటినుంచి దండెత్తి రాదు, లోపలే పుడుతుంది. కాబట్టి ఈ పహరా లోపలికీ చూడక తప్పదు. తెలుగు అనువాదం ఇక్కడ ‘కాపాడు’ అనకుండా ‘కావలి’ అనడంతో ఆ రెండో చూపుకూ చోటు మిగిలింది.