గీతలు పడిన అద్దం – కారణదోషం

గ్రైండింగ్ వంటి పనుల్లో ధరించే రక్షణ కళ్లద్దాలను ఎక్కువగా పాలీకార్బొనేట్‌తో చేస్తారు. దెబ్బను తట్టుకొనే ఈ ప్లాస్టిక్ గాజుకంటే మెత్తనిది కనుక, పైన గట్టిపూత ఉన్నప్పటికీ, ధూళిని పొడిగుడ్డతో తుడిచినప్పుడు సన్నని గీతలు పడతాయి. కంటికి అతి సమీపంలో ఉండటంవల్ల ఆ గీత గీతగా కనబడక, కాంతిని చెదరగొట్టి, ఎదుటి వస్తువే మసకబారిందన్న భ్రమ కలిగిస్తుంది. సాధనంలోని లోపాన్ని విషయానికి, అనగా తెలుసుకోదలచిన వస్తువుకు, అంటగట్టే ఈ పొరపాటును భారతీయ దర్శనాలు విస్తారంగా చర్చించాయి. ఒకే చంద్రుడు రెండుగా తోచడమనే దృష్టాంతం శంకరుల అధ్యాసభాష్యంలోనూ ఉంది. అయితే ఇక్కడ ఎక్కువ పనికివచ్చేది కుమారిలభట్టు సమర్థించిన స్వతఃప్రామాణ్యవాదం: జ్ఞానం తనంతట తానే ప్రమాణమనీ, దానికి విరుద్ధమైన జ్ఞానం గాని, దాన్ని పుట్టించిన కారణంలో దోషం గాని బయటపడినప్పుడే దాన్ని తోసిపుచ్చాలనీ ఆ వాదం చెబుతుంది. కార్మికుడు ప్రతి చూపునూ శంకించనక్కరలేదు (శంకిస్తే పనే సాగదు). అద్దాన్ని తీసి వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే దోషం ఎక్కడుందో తేలిపోతుంది. తేలినంత మాత్రాన అది తొలగదు. టూత్‌పేస్ట్‌తో రుద్దితే పైపూత అరిగి చూపు మరింత మసకబారవచ్చు. చూపుకు అడ్డుపడేలా గీతలు పడిన అద్దాన్ని మార్చవలసిందే.