మనిషి పోయాకేనా పరామర్శ?



ఈ వారం వీడియోలో సుందరకాండలో హనుమంతుడు సీతమ్మను పలకరించిన తీరు గురించి చెప్పుకున్నాం కదా. దానికి ఆనుకునే ఒక ప్రశ్న ఉంది. అది వీడియోలో రెండు నిమిషాల్లో చెప్పి ముగించేది కాదు. అందుకే ఇక్కడ నిదానంగా రాస్తున్నాను.

మన తెలుగు వాళ్ళలో పరామర్శ అనే మంచి అలవాటు ఉంది. ఎవరింట్లోనైనా మనిషి పోతే పనులు మానుకుని వెళ్తాం. ఆ ఇంట్లో పొయ్యి వెలిగించరని క్యారియర్ పంపిస్తాం. ఏమీ మాట్లాడకపోయినా కాసేపు పక్కన కూర్చుంటాం. ఎవరికైనా ఆపరేషన్ అయితే బత్తాయిలు, కొబ్బరిబొండాలు పట్టుకుని ఆసుపత్రికి వెళ్తాం. కానీ మనిషి బతికే ఉండి, ఉద్యోగానికి వెళ్తూ, మన పక్కనే కూర్చుని పూజ చేసుకుంటూ, లోపల మాత్రం ఎండిపోతుంటే ఆ ఇంటికి పరామర్శకు ఎవరు వెళ్తారు? ఎవరూ వెళ్ళరు. ఎందుకంటే అక్కడ కట్టు లేదు, సెలైన్ సీసా లేదు, ఏడుపు లేదు. ఏదైనా జరిగాక మాత్రం అందరం ఒకే మాట అంటాం: "మొన్న కూడా నవ్వుతూ మాట్లాడాడండీ!"

నా ప్రశ్న ఇదే. అవతలి మనిషి నోరు తెరిచి చెప్పనప్పుడు, మనంతట మనం గమనించి అడగడం ధర్మమా? లేక ఒకరి సొంత విషయంలో వేలు పెట్టడమా?

ముందు డిప్రెషన్ అంటే ఏంటో చూద్దాం. దీన్నే తెలుగులో కుంగుబాటు అంటున్నాం. బాధ అందరికీ వస్తుంది. పరీక్ష పోతే, సంబంధం తప్పిపోతే, అయినవాళ్ళు దూరమైతే ఏడుస్తాం, మెల్లగా తేరుకుంటాం. అలా కాకుండా కనీసం రెండు వారాల పాటు, దాదాపు ప్రతిరోజూ, రోజులో ఎక్కువ భాగం మనసు దిగులుగా ఉన్నా, లేదా ఇదివరకు ఇష్టపడిన పని దేనిమీదా ఆసక్తి లేకపోయినా వైద్యులు దాన్ని జబ్బుగా అనుమానిస్తారు. దాంతోపాటు నిద్ర తగ్గడమో అతిగా పెరగడమో, ఆకలి మారడం, ఊరికే అలసిపోవడం, ఏకాగ్రత లేకపోవడం, "నేను ఎవరికీ పనికిరాను" అనిపించడం, చావు గురించిన ఆలోచనలు, వీటిలో కొన్ని ఉంటాయి. ఏడుపు ఉండాలనేం లేదు. కొందరికి కోపం, చిరాకు మాత్రమే పైకి కనిపిస్తాయి.

మన దగ్గర ఇది ఎక్కువగా ఒంటి నొప్పి రూపంలో బయటపడుతుంది. "తల బరువుగా ఉంటోందండీ, కాళ్ళు లాగుతున్నాయి, గ్యాస్ పట్టేసింది, ఒకటే నీరసం." టెస్టులన్నీ చేయిస్తారు, ఏమీ లేదంటారు. ఇది కొత్త సంగతేం కాదు. భగవద్గీత మొదటి అధ్యాయంలో అర్జునుడు తన దిగులును ఎలా చెప్పుకున్నాడో ఒకసారి చూడండి. అవయవాలు పట్టు తప్పుతున్నాయి, నోరు ఎండిపోతోంది, ఒళ్ళు వణుకుతోంది, గాండీవం చేతిలోంచి జారిపోతోంది, నిలబడలేకపోతున్నాను అన్నాడు. మనసు పడే బాధను ఒళ్ళే ముందు చెప్పింది.

మరి ఇది ఎందుకు దాగిపోతుంది? దాచుకోవడానికి మనం ఎన్ని కారణాలు ఇస్తామో చూడండి. మగవాడైతే "మగాడివై ఉండి ఏంటిది" అంటాం. కోడలైతే "తిండికి లోటా, బట్టకు లోటా, నీకేం తక్కువైంది" అంటాం. బిడ్డను కన్న తల్లి దిగులుగా ఉంటే "పండంటి బిడ్డను ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తారా, అరిష్టం" అంటాం. అమెరికాలో ఉన్న కొడుకు, ఇక్కడ ఒంటరిగా ఉన్న తల్లిదండ్రులు వీడియో కాల్‌లో ఒకరికొకరు "మేం బాగున్నాం, నువ్వు జాగ్రత్త" అని చెప్పుకుంటారు. ఫోన్ పెట్టేశాక ఇద్దరి ఇళ్ళల్లోనూ అదే నిశ్శబ్దం. ఒకరి మీద ప్రేమతోనే ఇంకొకరు దాస్తారు.

పైగా ఆసుపత్రి పేరంటేనే వెక్కిరింత. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖపట్నంలో చినవాల్తేరు. రెండు చోట్లా ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. ఎంతోమందిని మళ్ళీ మామూలు జీవితంలోకి పంపిన చోట్లు అవి. మనం మాత్రం ఆ ఊళ్ళ పేర్లను తిట్టుగా మార్చేశాం. 2015-16లో నిమ్హాన్స్ 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో తేలిందేంటంటే, మానసిక సమస్య ఉన్నవాళ్ళలో జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 మందికి చికిత్స అందడం లేదు. వైద్యుల కొరత ఒక కారణం. "నలుగురూ ఏమనుకుంటారో" అన్న భయం ఇంకో కారణం. ఆ నలుగురిలో మనమూ ఉన్నాం.

ఇక మన భక్తుల సంగతికి వద్దాం. ఇది కాస్త గట్టిగానే చెప్పాలి. మనసు బాగాలేదని ఎవరైనా అంటే మనలో చాలామంది వెంటనే ఇచ్చే సలహా: "నామం చేసుకోండి, అంతా సర్దుకుంటుంది." నామం గొప్పదే, అందులో సందేహం లేదు. కానీ ఆ మనిషికి వినపడేది వేరు. "నేను చేస్తూనే ఉన్నాను, అయినా తగ్గలేదు. అంటే నా భక్తిలోనే లోపం ఉంది" అని వినపడుతుంది. అసలే తనను తాను తిట్టుకుంటున్న మనిషికి మనం ఇంకో తిట్టు అందించినట్టవుతుంది. షుగర్ ఉన్నవాళ్ళతో "భక్తి చాలలేదు" అనం కదా! ఇన్సులిన్ వేసుకుని పూజకు కూర్చోమంటాం. మనసుకు మాత్రం వేరే న్యాయం ఎందుకు?

కొందరు గీతనే అడ్డం పెట్టి మాట్లాడతారు. "హృదయ దౌర్బల్యం వదిలి లేవమని కృష్ణుడే అన్నాడు కదండీ" అంటారు. నిజమే, రెండో అధ్యాయం మొదట్లో అలా అన్నాడు. ఆ ఒక్క మాటకే అర్జునుడు లేచాడా? లేవలేదు. నాకేం తోచడం లేదు, నువ్వే దారి చెప్పు అని కూలబడ్డాడు. అప్పుడు కృష్ణుడు పద్దెనిమిదో అధ్యాయం చివరిదాకా మాట్లాడాడు. అడిగిన ప్రశ్నే మళ్ళీ అడిగినా విసుక్కోలేదు. ఆ తర్వాత కూడా రథం దిగి వెళ్ళిపోలేదు, పగ్గాలు పట్టుకుని కూర్చున్నాడు. మనం ఆ మొదటి మందలింపు ఒక్కటే నేర్చుకుని మిగతాదంతా వదిలేస్తే ఎలా?

ఇంకో ఘట్టం భాగవతం ప్రథమ స్కంధంలో ఉంది. వేదాలను విభజించి, మహాభారతం రచించిన వ్యాసుడు సరస్వతీ నది ఒడ్డున దిగులుగా కూర్చున్నాడు. లోకం దృష్టిలో ఆయనకు ఏం తక్కువ? అప్పుడు నారదుడు వచ్చాడు. వచ్చి నేరుగా అడిగాడు, నీ శరీరం, నీ మనసు తృప్తిగా ఉన్నాయా అని. ఇంత సాధించినా ఎందుకు దిగులు పడుతున్నావని అడిగాడు. వ్యాసుడు దాచలేదు. అన్నీ ఉన్నా నా మనసుకు తృప్తి లేదు, కారణం నువ్వే చెప్పు అన్నాడు. వ్యాసుడిది డిప్రెషన్ అని నేను అనడం లేదు. నేను చూస్తున్నది నారదుడు అడిగిన తీరు. "మీరు వ్యాసులవారు, మీకేంటండీ" అని దాటేయలేదు. ఆ తర్వాత తన కథ కూడా చెప్పాడు. దాసీ కొడుకుగా పుట్టడం, ఐదేళ్ళ వయసులో తల్లి పాము కాటుతో పోవడం, అన్నీ చెప్పాడు. ఆ సంభాషణలోంచే మనకు భాగవతం వచ్చింది.

కాబట్టి అడగడం తప్పు కాదు. కానీ ఎలా అడగాలి? ఇక్కడ మన భాషలోనే ఒక తేడా ఉంది. ఆరా తీయడం వేరు, పరామర్శించడం వేరు. ఆరా మన కుతూహలం కోసం. "ఇంట్లో ఏమైనా గొడవలా? మీ ఆయనతోనా, అత్తగారితోనా?" ఇది ఆరా. విన్న మాట సాయంత్రానికి ఇంకో గడప దాటితే అది కచ్చితంగా ఆరానే. పరామర్శ అవతలి మనిషి కోసం. అక్కడ విన్నది మనలోనే ఆగిపోతుంది. జోక్యం అని భయపడాల్సింది ఆరాకి. పరామర్శకి కాదు.

మా పారాయణ బృందంలో ఒక అక్క ఉంది. శుక్రవారం లలితా సహస్రనామానికి అందరికంటే ముందు వచ్చేది, చాపలు తనే పరిచేది. కొన్నాళ్ళుగా రావడం మానలేదు గానీ ఆలస్యంగా వచ్చి, హారతి కాగానే వెళ్ళిపోతోంది. ఎప్పుడూ అంచు సరిచూసుకుని కట్టుకునే మనిషి, ఏ చీర దొరికితే అది చుట్టుకుని వస్తోంది. ఎవరడిగినా నవ్వి "బాగున్నాను" అనేది. మా బృందంలో పెద్దావిడ, అందరం మామ్మగారు అంటాం, అందరి ముందూ ఏమీ అడగలేదు. ప్రసాదం గిన్నెలు కడిగేటప్పుడు తనూ పక్కన చేరి, "ఏమే అమ్మాయ్, రాత్రిళ్ళు నిద్ర పడుతోందా?" అంది. అంతే. ఆ అక్క గిన్నె చేతిలో పట్టుకుని చాలాసేపు ఏడ్చిందట. మామ్మగారు "ఏడవకు" అనలేదు. "ఎన్నాళ్ళ నుంచి తల్లీ?" అని మాత్రం అడిగింది. మూడు రోజుల తర్వాత ఇద్దరూ కలిసి డాక్టర్ దగ్గరికి వెళ్ళారు. ఈ సంగతి ఆ అక్క అనుమతితోనే రాస్తున్నాను. ఇప్పటికీ మాత్రలు వాడుతోంది. కొన్ని రోజులు బాగుంటుంది, కొన్ని రోజులు బాగుండదు. బాగోని రోజున ఫోన్ చేయడానికి తనకు ఒక మనిషి ఉంది.

ఇక హనుమంతుడి దగ్గరికి వద్దాం. అశోకవనంలో సీతమ్మ ప్రాణం వదిలేయాలన్నంత నిరాశలో ఉంది. శింశుపా వృక్షం మీద ఉన్న హనుమంతుడు ఆమె పరిస్థితిని చూశాడు, చూసి వెంటనే కిందికి దూకలేదు. ఏ భాషలో మాట్లాడితే ఈ తల్లి భయపడదు అని ఆలోచించాడు. పండితుడిలా సంస్కృతంలో మాట్లాడితే రావణుడే అనుకుంటుందని, మామూలు మనుషులు మాట్లాడుకునే మాటల్లో, మెల్లగా రామకథ మొదలుపెట్టాడు. ఉపదేశం చేయలేదు. తర్వాత "నా వీపు మీద కూర్చో తల్లీ, తీసుకెళ్తాను" అన్నాడు. ఆమె వద్దంది. అప్పుడు బలవంతం చేయలేదు, అలిగి వెళ్ళిపోలేదు. చేయగలిగినవాళ్ళకు కబురు చేర్చాడు, సాయం తీసుకొచ్చాడు.

మనం చేయాల్సిందీ ఇంతే. భయపెట్టని మాటతో పలకరించడం, వినడం, మన చేతిలో లేనిదానికి తెలిసినవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళడం. ముందు మామూలు డాక్టరుకు చూపించినా మంచిదే. థైరాయిడ్, రక్తహీనత, బి12 తగ్గడం లాంటివి కూడా ఇలాంటి నీరసం, దిగులు తెస్తాయి. అవసరమైతే వాళ్ళే మానసిక వైద్యుల దగ్గరికి పంపుతారు. మందులు మొదలుపెట్టిన మర్నాడే తేడా కనిపించదు, సాధారణంగా కొన్ని వారాలు పడుతుంది. కాస్త బాగుందని సొంతంగా ఆపేయకూడదు, డాక్టరు చెప్పాకే మెల్లగా తగ్గించాలి. మందులతో పాటు కౌన్సెలింగ్ కూడా చికిత్సే.

చావు మాట వస్తే చాలామంది హడలిపోయి మాట మార్చేస్తారు. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని భయం. అలా జరగదని మానసిక వైద్యులు స్పష్టంగా చెబుతున్నారు. "బతకాలని లేదనిపిస్తోందా?" అని ప్రేమగా, సూటిగా అడగొచ్చు. అవునంటే ఆ మనిషిని ఒంటరిగా వదలకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన టెలీ మానస్ అనే సేవ ఉంది. 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. పోలీసు కేసు అవుతుందేమో అని దాచేవాళ్ళు కూడా ఉన్నారు. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే చూడాలి, శిక్షించకూడదు.

ఒక్క మాట మాత్రం జాగ్రత్త. గమనించడం ధర్మం అన్నానని, అయినవాళ్ళను పోగొట్టుకున్న ఇంటికి వెళ్ళి "మీరెవరూ చూసుకోలేదా?" అనకండి. ఎంత ప్రేమగా కనిపెట్టుకుని ఉన్నా కొన్నిసార్లు జబ్బే గెలుస్తుంది. ఆ తల్లి, ఆ భార్య, ఆ అన్న జీవితాంతం తమను తాము అడుగుతూనే ఉండే ప్రశ్న అది. మనం కూడా అడగక్కర్లేదు. ఇప్పుడు గమనించాల్సింది వాళ్ళనే.

ఇది చదువుతున్న మీలోనే ఎవరికైనా ఇలా ఉండొచ్చు. రోజూ దీపం పెడుతున్నా లోపల వెలుగు కనిపించడం లేదేమో. అది మీ పాపం కాదు, భగవంతుడు మిమ్మల్ని వదిలేయడమూ కాదు. ఈ రోజే ఒక్కరికి చెప్పండి. ఎవరూ లేరనిపిస్తే 14416కి చేయండి.

మిగతావాళ్ళకు నాదొక విన్నపం. ఈ వారం పూజ అయ్యాక, ఈమధ్య కాస్త తగ్గిపోయినట్టు కనిపిస్తున్న మనిషి ఎవరో ఒక్కరిని గుర్తు చేసుకోండి. వాళ్ళింటికి వెళ్ళండి, దూరమైతే ఫోన్ చేయండి. "బాగున్నారా" అంటే "బాగున్నాం" అంటారు, అది మర్యాద. అక్కడితో ఫోన్ పెట్టేయకుండా, "నిద్ర పడుతోందా? అన్నం తినబుద్ధవుతోందా?" అని అడగండి. అడిగాక మీరు మాట్లాడకండి, వాళ్ళను మాట్లాడనివ్వండి.

వచ్చే వారం మళ్ళీ కలుద్దాం. శుభం.