పంజరంలోని చిలుక ఎవరి సొత్తు?



ఇళ్లను దీవించడానికి వెళ్లినప్పుడు కొన్నిచోట్ల నాకు మొదట స్వాగతం పలికేది ఇంటివారు కాదు, వరండాలో వేలాడే పంజరంలోని రామచిలుక. "ఎవరు? ఎవరు?" అంటుంది. పిల్లలు మురిసిపోతారు. నేనూ మురిసిపోయేవాణ్ణి. దాచడం ఎందుకు, నా దగ్గరే ఒక చిలుక ఏడేళ్లు ఉంది. విచారణలోని ఒక కుటుంబంవారు ప్రేమతో తెచ్చి ఇచ్చారు. దానికి "స్తోత్రం ఫాదర్" అనడం నేర్పి, బంగళాకు వచ్చినవారందరికీ గొప్పగా చూపించేవాణ్ణి.

ఒక ఆదివారం సత్యోపదేశ తరగతిలో ఏడవ ఆజ్ఞ గురించి చెబుతున్నాను. ఎనిమిదో తరగతి కుర్రవాడు లేచి, "ఫాదర్, చిలకను పెంచడం నేరమని మా సైన్సు మాస్టారు చెప్పారు. మరి మీ చిలక?" అని అడిగాడు. తక్కినవాళ్లు నవ్వారు. "అది ఎవరో ఇచ్చింది బాబూ, నేను పట్టలేదు" అన్నాను. దొంగసొత్తు పుచ్చుకున్నవాడు కూడా అదే మాట అంటాడు గదా!

కుర్రవాడు చెప్పింది నిజమే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. 1990-91 నుంచి మన దేశపు అడవి పక్షుల వ్యాపారం నిషిద్ధం. 2022లో చట్టాన్ని సవరించినప్పుడు నక్షత్ర తాబేలును మొదటి షెడ్యూలులో, రామచిలుకను రెండవ షెడ్యూలులో చేర్చారు. చిలుక విషయంలో మూడేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. విదేశీ ప్రాణుల సంగతి వేరు. ఆఫ్రికా బూడిదరంగు చిలుక వంటి వాటిని ఉంచుకున్నవారు 2024 నిబంధనల ప్రకారం ప్రభుత్వం వద్ద నమోదు చేయించుకోవాలి. బజారులో లవ్ బర్డ్స్ పేరుతో అమ్మే ఆస్ట్రేలియా చిన్న చిలుకలకు ఆ బాధ కూడా లేదు.

"పరాయి పక్షిని పెంచవచ్చు, మన పక్షిని పెంచకూడదా? ఇదేం న్యాయం ఫాదర్?" అని మీరు అడగవచ్చు. ఆ చిన్న చిలుకలు తరతరాలుగా పంజరంలోనే పుట్టి పెరుగుతున్నవి. రామచిలుకను మాత్రం రెక్కలు రాకముందే చెట్టు తొర్రలోంచి లాగి తెస్తారు. దారిలో చచ్చినవి పోగా మిగిలినది మన ఇంటికి వస్తుంది. మనం కొన్నది ఒక్కటే. మన డబ్బు ఏ పనికి కూలి అయిందో ఆలోచించండి. చిలక జోస్యం చెప్పించుకోవడం తప్పని పీఠం మీద నుంచి నేనెన్నోసార్లు మందలించాను, ఆ చిలుక ఎక్కడి నుంచి వచ్చిందని ఒక్కసారీ అడగలేదు.

జంతువులు మానవుని ఉపయోగార్థమని పునీత తోమాసు అక్వినాసు బోధించారు. జంతువుల పట్ల క్రూరుడైనవాడు మనుషుల పట్లా అలాగే తయారవుతాడని కూడా హెచ్చరించారు. సెమినరీలో చదివిన ఆ మొదటి మాట పట్టుకొని నేను చాలాకాలం నిశ్చింతగా ఉన్నాను. కాని ఉపయోగం వేరు, ముచ్చట వేరు. ఎద్దు దుక్కి దున్నుతుంది, గేదె పాలిస్తుంది, కుక్క ఇల్లు కాస్తుంది. అవి మన మధ్యనే పుట్టినవి. ఎగరడానికి పుట్టినదాన్ని ఎగరనివ్వకుండా "ప్రేమిస్తున్నాను" అంటే, ఆ ప్రేమ ఎవరి మేలు కోరినట్లు?

"పండుగకు కోడిని కోస్తాం, దాని ముందు ఇదెంత?" అని ఒక పెద్దాయన నాతో వాదించారు. కొట్టిపారేయదగిన ప్రశ్న కాదు. అయితే కోడి విషయంలో ఆకలి అనే కారణమైనా ఉంది. చిలుకకు అదీ లేదు.

జంతువుల పట్ల మన బాధ్యతను 1992 నాటి శ్రీసభ సత్యోపదేశ గ్రంథం 'దొంగిలించకుము' అన్న ఏడవ ఆజ్ఞ కిందనే చేర్చింది. చట్టవిరుద్ధంగా ఉంచుకున్న అడవి ప్రాణి ప్రభుత్వ ఆస్తి అని మన చట్టం కూడా అంటుంది. డబ్బిచ్చి కొన్నా, బహుమతిగా పుచ్చుకున్నా అది మనది కాదు.

అలాగని ఇవాళే పంజరం తలుపు తీసి వదిలేయకండి. రెక్కలు కత్తిరించినది, తిండి వెతకడం రానిది, పిల్లికో కాకులకో బలవుతుంది. అటవీశాఖ వారికి అప్పగించాలి. కుర్రవాడు అడిగిన తరువాత ఆ పని చేయడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. అక్కడి ఉద్యోగిని చూసి అది "స్తోత్రం ఫాదర్" అంది. ఆయన నవ్వి, చిలుకను తీసుకొని, పంజరం నాకు తిరిగి ఇచ్చేశారు. ఇప్పుడది మా ఉపదేశిగారి ఇంట్లో ఉంది. రాత్రిళ్లు కోడిపిల్లల మీద బోర్లిస్తున్నారు.